గడియకు ఒత్తు

చనిపోయే ముందు అతను చేసిన ఆఖరి పని, ఫోన్లో ఒక లింకు నొక్కడం.

పట్టపగలు. మార్కెట్ ఎదురుగా బస్‌స్టాపు. కూరగాయల సంచులతో ఆడవాళ్ళు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కాలేజీ పిల్లలు, ఎండకి పేపరు అడ్డం పెట్టుకున్న ఒక ముసలాయన. మధ్య బెంచీ మీద కూర్చున్న అతన్ని చూసి ఎవరైనా ఇన్సూరెన్సు ఏజెంటు అనుకుంటారు. ఏజెంటే. కాకపోతే ఇన్సూరెన్సుది కాదు. ఫోన్లో మెయిల్ వచ్చింది. 'మీ గడియారం రిపేరు పూర్తయింది. ఎక్కడికి తెచ్చి ఇవ్వమంటారో కింది లింకులో తెలపండి.'

అతను తొందరపడే మనిషి కాదు. పంపింది ఎవరో చూశాడు. సొంత ఆఫీసు సర్వరే. డిజిటల్ సీలు చూశాడు. అదీ ఆఫీసుదే. అప్పుడు లింకు నొక్కి 'మార్కెట్ బస్‌స్టాపు, మధ్య బెంచీ' అని కొట్టి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కాసేపటికి మెడలో కొలతల టేపు వేసుకున్న మనిషి ఒకడు, టీ తాగడానికి బయటికొచ్చిన టైలరులా వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చోవడంలో చెయ్యి అతని భుజానికి తగిలింది. "క్షమించగలరు" అన్నాడు మర్యాదగా. బస్సు వచ్చింది. అందరూ తోసుకుంటూ ఎక్కారు. టేపు మనిషీ ఎక్కాడు. మధ్య బెంచీ మీది మనిషి మాత్రం లేవలేదు. తర్వాత డాక్టరు భూతద్దం పెట్టి వెతికితే, భుజం మీద సూది మొనంత చుక్క కనిపించింది.

*

"ఇదిగో, ఎంక్వైరీ రిపోర్టు" అన్నాడు పెద్దాయన, కాగితాలు బల్ల మీద తోస్తూ.

గూఢచారి డిపార్టుమెంటుకి బాసు ఆయన. ఎంత పెద్ద కబురు విన్నా ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంపుకుని ఒక గుక్క తాగాకే మాట్లాడతాడు. ఆయనకెదురుగా కూర్చున్న ఏజెంటుని అందరూ పిచ్చుక అంటారు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం పెద్దాయన మొలకి ఉంది. చిన్న మనిషి, ఎంత ఇరుకు కిటికీలోంచైనా దూరగలదు. బస్‌స్టాపులో పోయిన మనిషి ఆమెకి అన్నయ్య.

డిపార్టుమెంటు పైకి గడియారాల రిపేరు షాపు. దానికో వెబ్‌సైటు. పేరు 'గడియ'. ఆ పేరు పెట్టింది, ఆ సైటు రాసింది, పిచ్చుకకి వదిన. గడియంటే సమయమూ అవుతుంది, తలుపుకి వేసే గడియా అవుతుంది, మనకి రెండూ అవసరమే అని అప్పట్లో ఆమె నవ్వింది. బయట తిరిగే ప్రతి ఏజెంటు పేరునా ఆ సైటులో రిపేరుకిచ్చిన గడియారం ఒకటి ఉంటుంది. ఏజెంటుని చోటు మార్చాలనుకున్నప్పుడు 'మీ గడియారం సిద్ధం' అని మెయిల్ వెళుతుంది. అతను లింకు తెరిచి తానెక్కడున్నాడో చెబితే ఆఫీసు కారు వచ్చి తీసుకుపోతుంది.

అన్నయ్యకి వచ్చిన లింకులో 'గడియ' లేదు. 'ఘడియ' ఉంది. ఇంగ్లీషులో జి పక్కన ఒక్క హెచ్. ఆ పేరుతో ఉన్నది శత్రువుల సైటు, డిపార్టుమెంటులో అందరూ 'దర్జీలు' అని పిలిచే ముఠాది. తప్పుడు లింకు తయారుచేసింది మాత్రం సొంత సైటే. అందులో ఒక లైను, వదిన లాగిన్ నుంచే, తప్పుగా మారి ఉంది.

"మీ వదిన నిర్లక్ష్యం వల్ల మీ అన్నయ్య పోయాడు. ఆమెని ఉద్యోగంలోంచి తీసేశాం" అన్నాడు పెద్దాయన. "ఇది రిపోర్టు మాట."

"మీ మాటేంటి సార్?"

ఆయన వేణ్ణీళ్ళు తాగాడు. "నా మాట మింగేశానమ్మాయ్. నీకు రెండు రోజులు సెలవు. సెలవులో నువ్వేం చేస్తావో నేను అడగను."

పిచ్చుక లేచింది. అన్నయ్య పోయినప్పట్నుంచీ ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే కడుపులో మంట ఎక్కడ చల్లారిపోతుందోనని ఆమె భయం. ఆ మంట ఆమెకి కావాలి. ఆ సూది పట్టిన చెయ్యి ఎవరిదో, ఆ చేతికి ఉప్పందించిన నోరు ఎవరిదో తేలేదాకా కావాలి.

*

వదిన వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర అన్నయ్య బూట్లు అలాగే ఉన్నాయి. ఎవరూ జరపలేదు.

"రా. మొగుణ్ణి చంపుకున్నదాన్ని చూడ్డానికి వచ్చావా?"

"నాకర్థమయ్యేలా చెప్పు వదినా. ఆ లైను ఏంటి?"

వదిన లాప్‌టాప్ తిప్పి చూపించింది. "మన సైటులో ప్రతి గడియారానికీ ఒక డేటా మోడల్ ఉంటుంది. నంబరు, ఎవరిది, రిపేరు ఎంతవరకు వచ్చింది, అన్నీ అందులోనే. అది ఉన్న గది నంబరు దానికి తెలుసు. కానీ ఆ గది ఎవరింట్లో ఉందో తెలియదు. ఆ ఇంటిపేరే డొమైన్. మెయిల్లో పెట్టే లింకుకి ఇంటిపేరు లేకపోతే ఎలా? ఎవర్నో ఒకర్ని అడగాలి."

"ఎవర్ని?"

"మన డేటాబేసులో ఒకే ఒక్క వరుస ఉన్న టేబుల్ పెట్టాను. దాంట్లో 'గడియ' అని ఉంటుంది. మోడల్ వెళ్ళి దాన్నడగాలి. నేను రాసింది అదీ. ఎవరో ఆ లైను తీసేసి, తలుపు కొట్టినవాణ్ణే, అంటే సైటు తెరిచినవాణ్ణే అడగమని రాశారు. నువ్వు నన్ను ఏ పేరుతో పిలిచావు అని. వాడేం చెబితే అదే ఇంటిపేరు." వదిన ఆ లైను మీద వేలు పెట్టింది. "వాడు మన తలుపే కొట్టి, ఘడియ వారిల్లేనా అన్నాడు. మన పిచ్చి సైటు అవునండీ అని, వాడు చెప్పిన పేరే రాసి, మన సీలే వేసి, మీ అన్నయ్యకి పంపింది."

సొంత ఇంటికి సొంత పేరు తెలియకపోతే ఎంత కొంప మునుగుతుందో ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

"అన్నయ్య ఆ హెచ్ చూసుకోలేదా?"

అడిగేసింది కానీ జవాబు ఇద్దరికీ తెలుసు. అన్నయ్య నోట్లో ఒత్తక్షరం పుట్టలేదు. 'దైర్యం' అనేవాడు, 'బోజనం' అనేవాడు. పెళ్ళయిన కొత్తలో "మీ ఇంట్లో ఒత్తుల మీద పన్నేమైనా వేశారా" అని వదిన ఏడిపిస్తే, "ఒత్తుల్లేకుండా అర్దం కావట్లేదా నీకు" అనేవాడు. గడియయినా ఘడియయినా అతని కంటికి ఒకటే. ఇద్దరూ నవ్వబోయి మధ్యలో ఆగిపోయారు.

ఆ ఆగిన చోటే పిచ్చుకకి తట్టింది.

"వదినా, దర్జీల ముఠా పరాయి దేశం వాళ్ళు. మన భాష పుట్టుకతో వచ్చినవాళ్ళు కాదు. దొంగ డొమైన్ కావాలంటే మామూలుగా ఏం చేస్తారు? ఒక అక్షరం అటూ ఇటూ చేస్తారు, ఓ బదులు సున్నా పెడతారు. గడియకి ఒత్తు పెడితే మనవాళ్ళ కళ్ళకి ఆనదని వాళ్ళకెలా తెలుసు?"

"ఘడియ అని రాసేవాళ్ళు మనలో బోలెడుమంది."

"రాసేవాళ్ళున్నారు. పదిమందిలో నిలబెట్టి, గడియ కాదమ్మా ఘడియ అని దిద్దేవాళ్ళెవరు?"

వదిన చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

కోకిల. ఒకప్పుడు టీవీలో వార్తలు చదివిన మనిషి. ఆవిడ గొంతు వినడానికి జనం వంట పొయ్యి మీదే వదిలేసి వచ్చేవారట. ఇప్పుడు డిపార్టుమెంటులో వాయిస్ ట్రైనరు. పట్టు స్కార్ఫు, ముత్యాల దుద్దులు, నడిస్తే కారిడారంతా సెంటు. ఏజెంట్లకి యాసలు నేర్పుతుంది. షాపు ఫోన్లు ఎత్తే ఆఫీసు సిబ్బందికి ఉచ్చారణ నేర్పుతుంది. ఆవిడ దగ్గర ఒత్తు పలక్కపోతే మనిషి పుట్టుకే వృథా.

"నిఘంటువు తీసి చూపించాను, గడియే రైటు మేడమ్ అని" అంది వదిన మెల్లగా. "నిఘంటువే తప్పంది."

"ఆ క్లాసులో నీ యాక్సెస్ కార్డు ఎక్కడుంది?"

"రికార్డింగ్ గదిలోకి చప్పుడు చేసేది ఏదీ తీసుకెళ్ళకూడదు. గాజులు, తాళాలు, కార్డు, అన్నీ బయట ట్రేలో పెట్టించేది." వదిన లాప్‌టాప్ మూసేసింది. "నేను లోపల ఒత్తులు పలుకుతుంటే, బయట ఆవిడ నా కార్డు కాపీ తీసింది."

పిచ్చుక రిపోర్టు తిరగేసింది. చివరి పేజీలో బస్‌స్టాపు ముసలాయన వాంగ్మూలం ఉంది. ఎవరూ పట్టించుకోని వాంగ్మూలం. 'ఆ టేపు మనిషి, క్షమించగలరు అన్నాడు బాబూ. ఈ రోజుల్లో అలా ఎవడంటాడు?'

"వార్తలు చదివేవాళ్ళంటారు" అంది పిచ్చుక. "లేకపోతే వాళ్ళ దగ్గర భాష నేర్చుకున్నవాళ్ళంటారు."

*

పెద్దాయన మొత్తం విని రెండు గుక్కలు తాగాడు.

"ఒత్తు పట్టుకుని కోర్టుకి వెళితే జడ్జి నవ్వుతాడు. ఆవిణ్ణి ఇప్పుడే లోపలేస్తే ముఠా రాత్రికి రాత్రి జెండా ఎత్తేస్తుంది. ఇంకోటి విను. రేపు పదకొండింటికి మన ఏజెంట్లందరికీ గడియారం మెయిల్ వెళ్ళాలి. వాళ్ళ పాత గదుల గుట్టు బయటపడింది, కదిలించక తప్పదు. ఆ సంగతి కోకిలకి తెలుసు."

"అంటే రేపు పదకొండింటికి దర్జీలు మళ్ళీ మన తలుపు కొడతారు" అంది పిచ్చుక. "అందరికీ ఘడియ లింకే వెళుతుంది."

"మీ వదినని తీసేశాక ఆ లైను ముట్టుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడే సరిచేస్తే?"

ఈసారి వదిన జవాబు చెప్పింది. పెద్దాయన గదిలోకి ఆమె దొంగతనంగా, గడియారాలు తుడిచే అమ్మాయి వేషంలో వచ్చింది. "నన్ను తీసేసినా నా కార్డు రద్దు చెయ్యలేదు సార్. ఆవిడ రోజూ దాని కాపీతో లోపలికొచ్చి ఆ లైను చూసిపోతోంది. మారిస్తే తెలిసిపోతుంది. సరిగ్గా పదకొండింటికి మారుస్తాను. మనవాళ్ళు బతుకుతారు. కానీ నాకు అంతటితో సరిపోదు."

ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఘడియ డొమైన్ ఏ మెషీనులో ఉందో రాత్రంతా తవ్వి పట్టుకుంది. 'శోబ టైలర్స్', వెనక గది. అదే మెషీనులో టైలరు షాపు సైటు కూడా ఉంది. దాంట్లో లేని పేజీ అడిగితే ఏమొస్తుందో చూపించింది.

'క్షమించాలి, ఈ గడియారం మా దగ్గర లేదు. పక్క షాపులో అడగండి.'

"టైలరు షాపులో గడియారమేంటి?" అన్నాడు పెద్దాయన.

"అది నేను రాసిన జోకు సార్. మన సైటు మొత్తం ఎత్తుకెళ్ళి, గడియారాల బదులు సూట్లు పెట్టుకున్నారు. మీ సూటు సిద్ధం, ఎక్కడ ట్రయల్ వేస్తారో చెప్పండి అని వాళ్ళ మనుషులకి మెయిళ్ళు పంపుకుంటున్నారు. ఆ పేజీ మార్చడం మర్చిపోయారు. పాడుచేసిన ఆ లైనూ అలాగే ఉంది. అంటే వాళ్ళ సైటుకీ తన ఇంటిపేరు తెలియదు. తలుపు కొట్టినవాళ్ళనే అడుగుతుంది."

పిచ్చుక నవ్వింది. ఆ నవ్వు చూసి పెద్దాయనకి కూడా కొంచెం భయం వేసింది.

"మనం కొడదాం వదినా. ఏ పేరుతో కొడదాం?"

"వాళ్ళ బోర్డు మీద 'శోబ' అని ఉంటుంది. డొమైన్లోనూ హెచ్ లేదు. బట్టలు అక్కడే కుట్టించుకుంటానని, ఆ బోర్డు చూస్తే కడుపులో తిప్పుతుందని, శోభకి ఒత్తు పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా టైలరు మాస్టరు వినడని కోకిల క్లాసులో ఒకటే గోల." వదిన ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు చెప్పింది. "హెచ్ ఉన్న శోభ డొమైన్ పొద్దున్నే మన పేరున కొనేశాను."

ఒక్కటే అడ్డంకి. సూట్ల సైటు మెయిళ్ళు పంపాలంటే, షాపు లోపలి వైరులోంచే తలుపు కొట్టాలి. అందుకని వదిన ఒక నల్ల బొత్తాం తయారుచేసింది. కోటుకుండే నాలుగు కన్నాల బొత్తామే. కేబులుకి అతికిస్తే ట్రాన్స్‌మిటర్. టైలరు షాపులో బొత్తాన్ని అనుమానించేవాడెవడు?

"అతికించాక 'దారం ఎక్కింది' అను. నేను 'ముడి వేస్తున్నా' అంటే పని మొదలైనట్టు."

"అరెస్టు చాలదా అమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"చాలదు సార్. అన్నయ్య ఎలా నొక్కాడో, ఆవిడా అలాగే నొక్కాలి. తన వేలితో తనే."

*

పదిన్నరకి శోబ టైలర్స్‌లోకి ఒక హోటల్ మేనేజరు దిగింది. బాబ్‌కట్ విగ్గు, నల్ల కళ్ళజోడు, ఎత్తు మడమల చెప్పులు, మెడకి ఉన్ని మఫ్లరు. గొంతు పూర్తిగా పోయింది పాపం, గుసగుసగానే మాట్లాడుతోంది. కోకిల ఆ షాపుకి ఎప్పుడైనా రావచ్చు. ఆవిడ చెవిలో పిచ్చుక గొంతు ఏడాదిగా ఉంది, గొంతు గుర్తుపట్టడం ఆవిడకి తినే తిండితో సమానం. అందుకని పిచ్చుక అసలు గొంతే ఇంటి దగ్గర వదిలేసి వచ్చింది.

"మా స్టాఫుకి యూనిఫారాలు కావాలి. ముందు నాకు ఒక కోటు కొలత తీసుకోండి."

కౌంటరు వెనక మాస్టరు తల వంచాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, మెడలో టేపు. "తప్పకుండా. దయచేసి ట్రయల్ గదిలోనికి విచ్చేయగలరు" అన్నాడు. పరాయి నాలుక మీద అచ్చం వార్తల భాష.

కొలత తీస్తూ అతని చెయ్యి ఆమె భుజానికి తగిలింది.

"క్షమించగలరు" అన్నాడు.

పిచ్చుక ఒళ్ళంతా భగ్గుమంది. ఇదే చెయ్యి. ఇదే మాట. అన్నయ్య చెవిన పడ్డ ఆఖరి మాట. అద్దంలో వాడి మెడ, తన చేతికి జానెడు దూరంలో కనిపిస్తోంది. పళ్ళు బిగబట్టి, "ఫరవాలేదండీ" అంది గుసగుసగా.

పదకొండు కావస్తుండగా మాస్టరు గోడ గడియారం చూశాడు. "ఒక్క నిమిషం వేచి ఉండగలరు" అని వెనక గదిలోకి వెళ్ళాడు. పిచ్చుక ట్రయల్ గది కర్టెన్ వేసి, నిలువుటద్దం కొంచెం జరిపింది. దాని వెనకనుంచి కేబులు వెనక గదిలోకి పోతోంది. బొత్తాం అతికించింది.

"దారం ఎక్కింది."

"మన లైను మార్చేశాను" చెవిలో వదిన గొంతు. "మన మోడల్‌కి ఇప్పుడు ఇంటిపేరు తెలుసు. ఉండు, వాళ్ళు తలుపు కొడుతున్నారు. ఘడియ వారిల్లేనా అంటున్నారు. మన సైటు విననట్టు ఊరుకుని, టేబుల్లో చూసి గడియ అని రాసుకుంది. మెయిళ్ళు వెళ్ళాయి పిచ్చుకా. అందరికీ గడియే వెళ్ళింది." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇక మన వంతు. ముడి వేస్తున్నా."

సరిగ్గా అప్పుడే షాపు తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత గొంతు.

"మాస్టరు గారూ, నా కోటు అయిందా?"

"పిచ్చుకా, కనెక్షన్ పోయింది" అంది వదిన. "బొత్తాం ఊడింది."

అద్దం మెల్లగా వెనక్కి జారి బొత్తాన్ని గీకేసింది. పిచ్చుక వంగి దాన్ని అందుకుని, చెయ్యి వెనక్కి పెట్టి, కేబులు మీద బొటనవేలితో అదిమి పట్టింది. అంతలో కర్టెన్ జరిగింది.

"అయ్యో, ఎవరో ఉన్నారా? నేనింకా ఖాళీ అనుకున్నాను" అంది కోకిల. పట్టు స్కార్ఫు, ముత్యాల దుద్దులు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఫరవాలేదండీ. గొంతు పోయింది, గట్టిగా చెప్పలేకపోయాను."

"గుసగుస గొంతుకి ఇంకా చేటండీ. కానీ ఒకటి చెప్పనా, మీ ఉచ్చారణ ఎంత బాగుందో. ప్రతి అక్షరంలోనూ ఊపిరి వినిపిస్తోంది. ఈ రోజుల్లో ఒత్తులు పలికేవాళ్ళెక్కడున్నారు?"

గుసగుసలో ఉండేది ఊపిరే కదా. పుట్టి బుద్ధెరిగాక పిచ్చుక ఉచ్చారణని ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదలు.

"ఆ చేతిలో ఏంటి, వెనక దాచారు?"

"బొత్తాం ఊడిందండీ" అంది పిచ్చుక. అబద్ధం చెప్పాల్సిన పని రాలేదు.

"అలాగే పట్టుకో" చెవిలో వదిన. "వెళుతున్నాయి. ఇంకా ఉన్నాయి. వదలకు."

కేబులు మీద వేలు తిమ్మిరెక్కింది. కోకిల హ్యాండ్‌బ్యాగు తెరిచి, గొంతుకి మంచిదని ఏదో మందు బిళ్ళ వెతుకుతోంది. బ్యాగులో ఫోను టింగుమంది. ఆవిడ తీసి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఆ మొహం చాటంతైంది.

"చూశారా, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. శోభకి ఒత్తు పెట్టాడు. ఎన్ని నెలలు మొత్తుకున్నానో."

వెనక గది తలుపు దడాలున తెరుచుకుంది. మాస్టరు బయటికొచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని ఫోనుకీ అదే మెయిల్ వచ్చినట్టుంది. చేతులు ఊపుతూ అరిచాడు.

"అమ్మా, దయచేసి ఆ సందేశమందు పొందుపరచబడిన లింకును ఎట్టి పరిస్థితులలోనూ తమరు..."

కోకిల నేర్పిన భాష మరి. అందులో క్రియ అన్నిటికన్నా చివర వస్తుంది. "నొక్కరాదు" అనే మాట అతని నోటిదాకా వచ్చేసరికి ఆవిడ నొక్కేసింది, 'మాస్టరు గారి షాపు, ట్రయల్ గది' అని కొట్టేసింది కూడా.

"పడింది" అంది వదిన.

పిచ్చుక బొత్తాం వదిలేసి కళ్ళజోడు తీసింది. ఇంటి దగ్గర వదిలిన గొంతు తెచ్చుకుంది.

"గడియ, మేడమ్. ఒత్తు లేదు."

కోకిల చేతిలో ఫోను నేల మీద పడింది. ఒక్క మాటకే గుర్తుపట్టింది. చెవి అలాంటిది.

మాస్టరు కాలరు మడతలోంచి సూది లాగాడు. పిచ్చుక వాడి మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నుదురు వెళ్ళి అద్దానికి తగిలింది. మణికట్టు మెలిపెట్టేసరికి సూది ఆమె చేతిలోకి వచ్చింది. వాడి చేతుల్ని వాడి టేపుతోనే వెనక్కి కట్టి, సూది మొన వాడి మెడ మీద ఆనించింది. ఒక్క నొక్కు. అన్నయ్యకి ఇచ్చినంతే.

"క్షమించగలరు" అంది. ఆ మాట అనాలని వచ్చినప్పట్నుంచీ నాలుక దురద పెడుతోంది.

"పిచ్చుకా" చెవిలో వదిన. "చంపకు."

"నీకు లేదా వదినా కసి?"

"నీకన్నా ఎక్కువుంది. అందుకే చెబుతున్నా. వాడు పోతే ఒక్క నిమిషంలో పోతాడు. వాళ్ళు బతికుండి, మీ అన్నయ్యని చంపింది నేను కాదని వాళ్ళ నోటితో చెప్పాలి. రోజూ చెప్పాలి. ఆవిడ గొంతుతో వినాలి నేను."

సూది మొన చాలాసేపు అక్కడే ఉంది. చివరికి పిచ్చుక దాన్ని కౌంటరు మీది పిన్నుల దిండుకి గుచ్చి పెట్టింది. అన్నయ్య పోయాక మొదటిసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట చల్లారలేదు కానీ, ఏడ్చినా చల్లారదని ఆమెకి తెలిసొచ్చింది.

"ఎందుకు చేశారు మేడమ్?" అని మాత్రం అడిగింది.

కోకిల నిటారుగా నిలబడింది. "టీవీలో నన్ను తీసేసి ఎవర్ని పెట్టారో తెలుసా? శకారం పలకలేని పిల్లని. మీ డిపార్టుమెంటులో నన్ను చూసి చాటుగా నవ్వారు. వీళ్ళు పరాయివాళ్ళయినా నా ముందు కూర్చుని అక్షరం అక్షరం నేర్చుకున్నారు." ఆవిడకి అదే న్యాయంగా తోచినట్టుంది, తల దించుకోలేదు.

బయట పెద్దాయన కార్లు ఆగాయి. ఊళ్ళోని మిగతా దర్జీలందరూ సూటు ట్రయల్ కోసం ఎక్కడున్నారో బుద్ధిగా రాసి పంపారు. ఒకణ్ణి మంగలి కుర్చీలో సగం గెడ్డంతో పట్టుకున్నారు, ఇంకొకణ్ణి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి ఉండగా పట్టుకున్నారు.

*

వాంగ్మూలం రికార్డు చేసిన రోజు పెద్దాయన వదినని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. కార్డు ఎలా కాపీ తీసిందో, లైను ఎలా మార్చిందో, వదినకి ఏ పాపమూ తెలియదని, అన్నీ కోకిల తానే మైకు ముందు చదివింది. గొంతు ఎక్కడా తొణకలేదు. ఎవరో చచ్చిపోయారన్న వార్త చదివినట్టే చదివింది. వదిన కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా విని, "ఇంకోసారి చదివించండి సార్" అంది. ఆయన చదివించాడు. మూడోసారి కూడా చదివించాడు.

ఆ తర్వాత టైపు చేసిన కాగితం సంతకానికి పెడితే కోకిల పేచీ పెట్టింది. ఒత్తిడి చేసి చెప్పించారని, కోర్టులో కాదంటానని, సంతకం పెట్టనని మొండికేసింది. ఆవిడ లాయరు పక్కన కూర్చుని తల ఊపాడు. "సరే, చదివి ఇచ్చేయండి" అన్నాడు పెద్దాయన, పెన్ను బల్ల మీదే వదిలేసి.

కోకిల కాగితం చదివింది. మొదటి పేజీలో ఒకచోట కళ్ళు ఆగాయి. ముందుకి పోయాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఉండబట్టలేకపోయింది. పెన్ను తీసుకుంది. 'నేను ఎంచుకున్న పేరు గడియ' అని టైపిస్టు కొట్టిన చోట గ కొట్టేసి, పైన అందమైన చేతిరాతతో ఘ రాసింది. అలవాటు కొద్దీ పక్కన పొడి సంతకం కూడా పెట్టింది. లాయరు చెయ్యి చాచేసరికి పెద్దాయన కాగితం లాగేసుకున్నాడు. ఆ తప్పు టైపిస్టు చేత వదినే కొట్టించింది.

మర్నాడు వదిన తన పాత సీట్లో కూర్చుంది. పిచ్చుక ఆమె వెనక నిలబడింది. గడియ అనే పేరు ఇక పనికిరాదు, అందరికీ తెలిసిపోయింది. పెద్దాయన ఫ్లాస్కు చేత్తో పట్టుకుని వచ్చాడు.

"కొత్త పేరు ఏం పెడతావమ్మా? ఎంతసేపు పడుతుంది మార్చడానికి?"

"ఒక్క వరుసే సార్. అది మారిస్తే అన్ని లింకులూ మారిపోతాయి." వదిన టేబుల్ తెరిచి, గడియ చెరిపేసి, కర్సరు ఆ ఖాళీలో పెట్టింది. "పేరు ఏదైనా పర్లేదు. ఒత్తు మాత్రం ఉండకూడదు. ఇంట్లో ఒకాయనకి పలకడం రాదు."